మేస్త్రీ తువ్వాల్లో సాలీళ్ళు

నా చిన్నప్పుడు నాకొక శత్రువు ఉండేవాడు. నాకు తొమ్మిదేళ్ళు, ఆయనకు నలభై దాటాయి. మా మధ్య శత్రుత్వం నడుస్తోందని ఆయనకు తెలియదు. అది నాకు కాస్త చిన్నతనంగా ఉండేది గానీ, పని మాత్రం ఆపలేదు.

ఆయన మా ఊరి నాపరాళ్ళ క్వారీలో మేస్త్రీ. గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో, పత్తి చేలూ మిరప చేలూ అయిపోయి నేల ఉన్నట్టుండి రాయిగా మారిపోయే చోట మా ఊరు. అక్కడ భూమిని దున్నేది తక్కువ, పొరలు పొరలుగా లేపేదే ఎక్కువ. ఇంటి గోడలు ఆ రాళ్ళే, కప్పు ఆ రాళ్ళే, పడుకునే అరుగూ ఆ రాళ్ళే. ఎండాకాలంలో మా ఇల్లు పెనంలా ఉండేదంటే పెనానికి అన్యాయం చేసినట్టు. పెనాన్ని కాసేపటికైనా పొయ్యి మీంచి దించుతారు.

మా నాన్నా, ఆయన చెల్లెలైన మా మేనత్తా ఇద్దరూ ఆ క్వారీలోనే పనిచేసేవాళ్ళు. పెళ్ళయిన రెండేళ్ళకే మామయ్య పోతే అత్త మా ఇంటికి వచ్చేసింది. ఆమె చేసే పనులు రెండు. ఒకటి ఎవరైనా చేసేదే: బండను పైకెత్తినప్పుడు దాని కిందికి ఆనుడు రాయి సర్దడం. రెండోది మాత్రం ఆమెకొక్కదానికే వచ్చు. చిన్న సుత్తితో బండ మీద కొట్టి, ఆ మోత విని, లోపల పగులు ఉందో లేదో చెప్పేది. మంచి బండ కంచు గిన్నెలా ఖంగుమంటుంది. లోపల నెర్రె ఉంటే దబ్బుమని ఊరుకుంటుంది. అలాంటిదాన్ని ఆమె చెవిటి బండ అనేది. కంటికి రెండూ ఒకటే. ఆమె చెవిటి బండలు పక్కకు తీయించడం, ఆమె ఇటు తిరగ్గానే మేస్త్రీ వాటిని మళ్ళీ లారీ ఎక్కించడం ఆ క్వారీలో రోజూ జరిగే సంగతే.

బండ లేపడానికి ఒక పద్ధతుంది. ఇద్దరు మనుషులు గడ్డపలుగులు దూర్చి అంచును పైకెత్తి పట్టుకుంటారు. మూడో మనిషి కిందికి చేతులు పెట్టి ఆనుడు రాయి సర్ది, చేతులు బయటికి తీసుకుని, ‘వదులు’ అనాలి. ఆ మాట విన్నాకే పలుగు దించాలి. ఎవరి చేతులు బండ కింద ఉంటే ఆ మాట వాళ్ళది. ఇంకెవరూ అనగూడదు. క్వారీలో ఉన్నంతసేపూ వేరే సందర్భంలో కూడా ఆ మాట నోట రానిచ్చేవాళ్ళు కాదు.

ఆ రోజు లారీ వచ్చి చాలాసేపయింది. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. మేస్త్రీకి తొందర. అత్త చేతులు ఇంకా బండ కిందే ఉన్నాయి. వెనక నుంచి ‘వదులు’ అని వినపడింది. పలుగులు పట్టుకున్న ఇద్దరిలో ఒకరు మా నాన్న.

అత్త కుడిచేతికి మూడు వేళ్ళు పోయాయి. బొటనవేలు, దాని పక్కది మిగిలాయి. ఆమె ఆసుపత్రి నుంచి ఇంటికి చేరేలోపే మేస్త్రీ ఊరంతటికీ ఒక సంగతి చెప్పేశాడు. ఆ మాట అన్నది ఆమేనట, తొందరపడి తనే అనేసిందట. ఆడమనిషి గొంతుకూ మేస్త్రీ గొంతుకూ తేడా తెలియనంత చెవుడు మా ఊళ్ళో ఎవరికీ లేదు. కానీ అందరికీ కూడు పెట్టేది ఆ క్వారీ. మా నాన్నక్కూడా. ఆయన నాలుగో రోజునే పనికి వెళ్ళాడు. అప్పటినుంచి అన్నం తినేటప్పుడు చెల్లెలి వైపు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. అత్త కూడా ఎవరితోనూ మాట్లాడకుండా, గుడ్డ చుట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ ఉండేది.

ఇంట్లో క్వారీ కూలి మీద ఆధారపడనిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. తినేది ఆ కూడేనన్న సంగతి అప్పుడు తట్టలేదు. అందుకని పగ తీర్చుకునే పని నాకు పడింది.

మా పక్కింటి అవ్వ ఒక మాట ఎప్పుడూ చెబుతుండేది. సాలెపురుగు ఒంటి మీద పాకితే తెల్లారేసరికి ఆ దారి పొడుగునా పొక్కులు లేస్తాయని. మా వైపు ఇప్పటికీ చదువుకున్నవాళ్ళే ఈ మాట నమ్ముతారు, ఇక తొమ్మిదేళ్ళ పిల్ల నమ్మడంలో వింతేముంది. మేస్త్రీది వెడల్పాటి మెడ. పొక్కులకు చోటు బాగా ఉంది. ఒక్క పురుగుకు ఒక్క వరస పొక్కులైతే నాలుగు పురుగులకు ఎన్నో నేను లెక్క వేసుకున్నాను. ఆ సంవత్సరం నేను ఇష్టంగా చదివిన ఎక్కం అదొక్కటే.

సాలెపురుగులకు మా ఇంట్లో కరువు లేదు. ప్రతి రాతి సందులోనూ ఒకటి కాపురం ఉండేది. పట్టుకోవడమే చేతకాలేదు. వేళ్ళతో పట్టుకోగానే పురుగు పోయేది, కాలు నా చేతిలో మిగిలేది. పైగా ఆ కాలు పురుగు లేకుండానే కాసేపు కొట్టుకునేది. మొదటిసారి అది చూసి నేను ఆ పురుగు కంటే వేగంగా పరుగెత్తాను. తర్వాత అలవాటైంది. మూడు రోజుల వేట పూర్తయ్యేసరికి నా అగ్గిపెట్టెలో పదకొండు కాళ్ళున్నాయి, పురుగు ఒక్కటీ లేదు. యుద్ధానికి బయల్దేరినవాడు శత్రువుల చెప్పులు మాత్రం ఏరుకుని వచ్చినట్టుంది నా పరిస్థితి. ఆఖరికి పలక అడ్డం పెట్టి, గ్లాసు బోర్లించి నాలుగింటిని పట్టాను. నాలుగూ అవిటివే. వాటి కాళ్ళు అప్పటికే నా దగ్గర ఉన్నాయి గదా.

మేస్త్రీ మధ్యాహ్నం పూట టీ కొట్టు ముందు సైకిలు ఆపి, తువ్వాలు హ్యాండిలు మీద వేసి, లోపల కూర్చునేవాడు. నేను వెళ్ళి నాలుగింటినీ ఆ తువ్వాలు మడతల్లో వదిలి, ఎదురుగా ఉన్న బండల దొంతర వెనక నక్కాను. ఆయన బయటికొచ్చి తువ్వాలు తీసి, ముఖం తుడుచుకుని, మెడ కూడా తీరిగ్గా తుడుచుకున్నాడు. రెండు పురుగులు జారి కింద పడ్డాయి. ఒకటి ఎటు పోయిందో తెలియదు. నాలుగోది భుజం మీదికి ఎక్కితే ఆయన గోటితో చిమ్మాడు. అది ఇంకో కాలు ఆయన చొక్కాకు అప్పజెప్పి వెళ్ళిపోయింది. ఆయన ఆ కాలుతో సహా సైకిలెక్కి ఈల వేసుకుంటూ పోయాడు.

తర్వాత పది రోజులు నేను ఆ మెడను పరీక్షించాను. నా జన్మలో ఏ మగమనిషి మెడనూ అంత శ్రద్ధగా చూసింది లేదు, మా ఆయనది కూడా కలుపుకుని. పొక్కు కాదు గదా, చిన్న మచ్చ కూడా లేవలేదు. పదకొండో రోజున నా ముంజేతి మీద దద్దుర్లు లేచాయి. ఎండకు లేచిన చెమటకాయలే. పక్కింటి అవ్వ మాత్రం చూడగానే సాలెపురుగు పాకిందని తేల్చింది. లోకంలో న్యాయం ఉందన్న నమ్మకం నాకు ఆ రోజు నుంచి కొంచెం పలచబడింది.

అగ్గిపెట్టె సంగతి అత్తకు తెలియడం కూడా ఆ రోజే జరిగింది. పొయ్యి ముట్టించడానికి ఎడమచేత్తో పెట్టె తెరిచి, పుల్ల అనుకుని ఒకటి తీసి, వెలుతురుకు పట్టి చూసింది.

“ఏందే ఇది?”

చెప్పక తప్పలేదు. అంతా చెప్పేశాను, మెడ పరీక్షతో సహా. తంతుందనుకున్నాను.

“ఎన్ని వదిలావు వాడి మీద?”

“నాలుగు అత్తా.”

“లేచినయ్యా?”

“లేదు.”

“తోలు మందంలే,” అని నవ్వింది. చెయ్యి పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. తర్వాత ఆ కాళ్ళను వేలితో కదిపి చూసి, “పిల్లా, ఇవన్నీ నువ్వు పీకినయ్యా, అవే ఇచ్చినయ్యా?” అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. నేను గట్టిగా లాగింది లేదు. పట్టుకున్నానంతే, వచ్చేశాయి.

ఆమె నన్ను వంటింటి మూలకు తీసుకెళ్ళింది. రోలు పైన, రెండు రాళ్ళు కలిసే చోట ఒక సాలెపురుగు గూడు కట్టుకుని ఉంది. దానికి ఒకవైపు నాలుగు కాళ్ళూ ఉన్నాయి, రెండోవైపు రెండే. లేని ఆ రెండూ నావే, అంటే నా పెట్టెలో ఉన్నవే. ఆ మూలలో నేను వేటాడింది నాకు గుర్తుంది.

“చూడు. రెండు కాళ్ళు నీకు ఇచ్చేసింది. నువ్వేమో పెట్టె మూసి, గెలిచానని కూర్చున్నావు. అదేమో తనను తాను తీసుకుని పోయింది.” ఆ మాట నాతో అన్నదో, తనతో అనుకున్నదో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత వారం రోజులు మేమిద్దరం పొద్దున్నే ఆ రోలు పక్కన కూర్చునేవాళ్ళం. గోడకేసి చూడడం అత్తకు ఎలాగూ అలవాటైపోయింది, ఇప్పుడు ఆ గోడ మీద చూడడానికి ఒకటి దొరికింది. అత్త బూజుకర్రతో గూడు కొంచెం చెడగొట్టి, అదేం చేస్తుందా అని కాచుకుని చూసేది. మొదటి రోజు ఆ పురుగు కాళ్ళు లేని వైపుకు ఒరిగిపోయింది. లేని కాలితో దారం అందుకోబోయి, అందక, ఆగింది. మర్నాడు ఉన్న రెండింటిని దూరం జరిపి నిలబడింది. ఆ తర్వాత ముందు కాలు చేసే పనిని వెనక కాలితో చేయడం మొదలుపెట్టింది. గూడు ఒక పక్కకు లాగినట్టు వంకరగా వచ్చింది.

“వంకర బోయింది అత్తా,” అన్నాను నేను, తప్పు నాదేనన్న బాధతో.

“ఈగలేం కొలిచి చూసి పడతాయటే?” అంది. సాయంత్రానికి రెండు పడ్డాయి కూడా.

పోయిన కాళ్ళు మళ్ళీ వస్తాయా అని అడిగితే, ఏమో అంది. ఆ సమాధానం నాకు చాలా ఏళ్ళ తర్వాత నరసరావుపేటలో జంతుశాస్త్రం చదువుతుంటే దొరికింది. సాలీడు కాలు ఎక్కడపడితే అక్కడ ఊడదు. కాలి మొదలు దగ్గర ఒక కీలులో, ఊడడానికే ఏర్పాటు చేసినట్టు ఒక చోటుంటుంది. పట్టుబడ్డప్పుడు అక్కడే తెంపుకుంటుంది, వెంటనే ఆ కన్నం బిగుసుకుపోయి లోపలి రసం కారకుండా ఆగుతుంది. ఊడిన కాలు కొట్టుకుంటూ ఉంటే శత్రువు దాన్నే చూస్తూ నిలబడతాడు, పురుగు బతికి బయటపడుతుంది. పిల్ల సాలీడుకైతే తర్వాత చర్మం విడిచినప్పుడు కొత్త కాలు వస్తుంది, కాకపోతే ముందు సన్నగా, పొట్టిగా. పూర్తిగా ఎదిగిపోయి ఇక చర్మం విడవనిదానికి రాదు. ఉన్నవాటితోనే నెట్టుకురావాలి. ఆ పేజీ చదివినప్పుడు నాకు పక్కనున్నవాళ్ళెవరూ గుర్తులేరు. వేళ్ళు పోయేనాటికి మా అత్తకు ముప్పై రెండేళ్ళు.

ఎనిమిదో రోజున ఆమె అటక మీంచి చిన్న సుత్తి తీయించింది. ఎడమచేత్తో పట్టుకుని ముందు రోలు మీద కొట్టింది, తర్వాత గడప మీద, తర్వాత ఇంటి గోడల మీద ఒక్కొక్క రాయినీ. సుత్తి మొదట్లో పక్కకు పోయేది. నాలుగు రోజులకు దారికొచ్చింది. కుడిచేతి రెండు వేళ్ళూ బొగ్గు ముక్క పట్టుకోవడానికి సరిపోయాయి. చెవులకు ఎలాగూ ఏ దెబ్బా తగల్లేదు. మా ఇంటి గోడలో మూడు చెవిటి బండలున్నాయని కూడా అప్పుడే తేలింది. వాటికి బొగ్గుతో గుర్తు పెట్టి, ఆ పక్కన పడుకోవద్దని మాకు చెప్పింది.

పని అడగడానికి వెళ్తే మేస్త్రీ, “రెండు వేళ్ళతో ఏం జేస్తావమ్మా, ఇంటికాడ కూర్చో,” అన్నాడు. ఎంతో దయగా అన్నాడు. అత్త అక్కణ్ణుంచి వచ్చి, ఇంటికాడ కాకుండా రోడ్డు పక్కన, లారీలకెత్తే బండలు పేర్చే చోట కూర్చుంది. రోడ్డు ఎవరి క్వారీలోదీ కాదు గదా. బొగ్గు సంచీ పట్టుకుని నేను పక్కన.

అక్కడికి చిలకలూరిపేట నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చేవాడు. ఆయన ఒక పత్తి మిల్లు గోడౌనుకు నేల పరిపిస్తున్నాడు. అంతకుముందు తీసుకెళ్ళిన బండలు సగం, పత్తి బేళ్ళ బరువుకు విరిగిపోయాయని ఆ రోజు మేస్త్రీ మీద మండిపడుతున్నాడు. రాయన్నాక విరగదా అని మేస్త్రీ సర్దిచెబుతున్నాడు. అత్త కూర్చున్న చోటు నుంచే, దొంతర మీద వరసగా నిలబెట్టి ఉన్న మూడు బండలకేసి సుత్తి చాపి, ఒక్కోదానికి ఒక్క దెబ్బ కొట్టింది.

“ఇది చెవిటిది బాబూ. అదిగూడా. దాని పక్కది మంచిది.”

కాంట్రాక్టరు ఆమె చూపించిన మొదటి బండను నేల మీదికి తోయించాడు. అది రెండయింది. రెండోదీ అంతే. మూడోది ఖంగుమని అలాగే ఉంది. అక్కడికక్కడే ఆయన ఒక షరతు పెట్టాడు. ఇకపై ఈమె కొట్టి చూసి సరేనంటేనే బండ లారీ ఎక్కాలి, లేకపోతే తను ఈ ఊరికే రానని. పైనున్న క్వారీ యజమాని దానికి ఒప్పుకున్నాడు. మేస్త్రీ ఒప్పుకున్నాడా అని ఎవరూ అడగలేదు.

ఇక ఆ మర్నాటి సంగతి. కింద ఆనుడు రాయి సర్దడానికి మా అత్త తర్వాత ఏ మనిషీ ముందుకు రాకపోవడంతో, ఆ పని కొన్నాళ్ళుగా మేస్త్రీయే చేసుకుంటున్నాడు. నేల మీద పరిచి ఉన్న బండ మోగదు. దాన్ని అంచు ఎత్తి పట్టుకుంటేనే మోగుతుంది. అందుకని ఆ రోజు పలుగులతో మా నాన్నా ఇంకొకాయనా బండ ఎత్తి పట్టుకుంటే, మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని కింద చేతులు పెట్టి ఆనుడు రాయి సర్దుతుంటే, మా అత్త పైన సుత్తితో కొడుతోంది. రెండు బండలు సాఫీగా అయిపోయాయి.

మూడోదానికి అత్త ఒకసారి కొట్టింది. తల వంచి విన్నది. మళ్ళీ కొట్టింది. లారీ డ్రైవరు హారన్ మొదలుపెట్టాడు.

“కానీయమ్మా, చేతులు లాగుతున్నయ్యి,” అన్నాడు మేస్త్రీ.

“హారన్‌లో వినపడట్లా మేస్త్రీ. ఆగనీ.”

హారన్ ఆగింది. ఆమె ఇంకో చోట కొట్టింది. తొందర అనేదే లేదు. ఆనుడు రాయి ఇంకా సరిగ్గా కుదరలేదు, చెయ్యి తీస్తే జారిపోతుంది. మేస్త్రీ దాన్ని పట్టుకునే, తల ఎత్తి పలుగు వైపు చూశాడు. పలుగు అవతలి కొసన మా నాన్న ఉన్నాడు. నాన్న చేతులు బరువుకు వణుకుతున్నాయి. మేస్త్రీ వైపు ఆయన చూడలేదు. చాలా రోజుల తర్వాత ఆయన తన చెల్లెలి ముఖంలోకి చూస్తున్నాడు. మేస్త్రీ మెడ మీద చెమట పట్టి, ఆ చెమట ధారలుగా దిగడం నేను చూశాను. నేను పురుగులతో కోరుకున్నది అంతకంటే తక్కువే.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో బండ పడిపోతే బాగుండునని నేను కోరుకున్నాను. దాని గురించి ఇప్పటికీ నాకు పెద్దగా సిగ్గు లేదు.

అత్త సుత్తి కింద పెట్టింది. “మంచిదే. చేతులు తీసుకో మేస్త్రీ.”

ఆయన ఆనుడు రాయి కుదిర్చి, చేతులు లాక్కుని, రెండూ గుండెకు ఆనించుకున్నాడు.

“తీశావా?”

“తీశా.”

“అయితే ఆ మాట నువ్వే అను. చేతులు నీయే గదా. గట్టిగా అను, మా అన్నకు వినపడాలి.”

చుట్టూ పదిహేను మందిమి ఉన్నాం. ఆయన ఒకసారి అందరి ముఖాలూ చూశాడు. అనకపోతే పలుగు దిగదు, లారీ కదలదు.

“వదులు,” అన్నాడు.

మా నాన్న వెంటనే వదల్లేదు. పలుగును ఇంకొంచెంసేపు పట్టుకుని నిలబడ్డాడు.

“ఆ రోజు గూడా ఈ గొంతే,” అన్నాడు, అందరికీ వినపడేట్టు. అప్పుడు నెమ్మదిగా దించాడు.

రెండో పలుగు పట్టుకున్నాయన, అవునన్నట్టు తలాడించాడు. వెనక నుంచి ఎవరో ఆడమనిషి, “మాకు తెలవదా ఏంది,” అంది. అంతే, అంతకుమించి ఏ గొడవా జరగలేదు. మేస్త్రీ క్షమించమని అడగలేదు. మా అత్త కూడా ఇవ్వడానికి అలాంటిదేమీ సిద్ధం చేసి పెట్టుకోలేదు. “నాలుగోది లేపండి,” అని సుత్తి అందుకుంది.

ఆ పని ఆమె ఇంకా పందొమ్మిదేళ్ళు చేసింది. ఆమె సుత్తి కింద, ఆమె సరేననేదాకా, మేస్త్రీ రోజూ మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. ఆమె ఎన్నడూ తొందరపడలేదు, ఎన్నడూ అబద్ధం చెప్పలేదు, ఒక్క మంచి బండను కూడా చెవిటిదనలేదు. ప్రతిసారీ, “తీశావా మేస్త్రీ?” అని మాత్రం అడిగేది. మర్యాదగానే అడిగేది. నడుము పట్టేసి ఆయన పని మానుకున్నాక కూడా ఆ ప్రశ్న అక్కడి పద్ధతిలో ఉండిపోయింది. చేతులు తీశావా అని అడిగి, జవాబు విన్నాకే పలుగు దించేవాళ్ళు. ఆ తర్వాత అక్కడ ఎవరి వేళ్ళూ పోయినట్టు నేను వినలేదు.

బడిలో పంతులమ్మగా ఉన్న రోజుల్లో, క్షమించడం గొప్పదని పిల్లలకు నేనూ పాఠం చెప్పాను, పరీక్షలో అడిగాను, రాసినవాళ్ళకు మార్కులు వేశాను. మా ఇంట్లో మాత్రం నేను నేర్చుకున్నది వేరు. మన దగ్గర్నుంచి పోయింది ఎదుటివాడి చేతిలో కొట్టుకుంటూ ఉంటే, దాన్నే చూస్తూ అక్కడ నిలబడకూడదు. మిగిలినదాన్ని తీసుకుని బయటపడాలి. ఆ మిగిలినదానితో ఏం చేయొచ్చో మూల కూర్చుని నేర్చుకోవాలి. నేర్చుకున్నాక తిరిగి వచ్చి, వాడు రోజూ చూడక తప్పని చోట కూర్చుని, మన పని మనం శుభ్రంగా చేసుకోవాలి.

ఆ తర్వాత నేను జంతుశాస్త్రం చెప్పిన కాలేజీలో మా విభాగానికి పెద్దగా ఉన్నాయన, నేను ఏళ్ళ తరబడి కూడబెట్టిన కీటకాల నమూనాలను తన పేరు మీద చూపించుకుని, నన్ను ప్రయోగశాల నుంచి తప్పించాడు. నేను గొడవపడలేదు, మళ్ళీ మొదటినుంచీ కూడబెట్టాను. ఆయన పాల్గొన్న ప్రతి సమావేశంలోనూ ముందు వరసలో కూర్చున్నాను. ప్రతిసారీ ఆ నమూనాల గురించి ఒకే ఒక్క సందేహం, ఎంతో వినయంగా, ఆయనకు తెలియదని నాకు తెలిసినదే అడిగాను. ఆయన రిటైరైన రోజున దండ వేయడానికి ఎవరొస్తారని అడిగితే, నేను లేచాను. ఆయన నాకంటే జానెడు పొడుగు. దండ పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడి, చేతులు పైకెత్తకుండా, ఆయన తల వంచేదాకా ఆగాను.